మట్టి గల్లీకి సీసీ రోడ్డు ఎందుకంత కష్టం?

హైదరాబాదు శివారు కాలనీల్లో మూడంతస్తుల ఇల్లుంటుంది, గ్రానైట్ మెట్లుంటాయి, గేటు లోపల కారుంటుంది. గేటు దాటి కాలు బయట పెడితే బురద. బోడుప్పల్, నాగారం, బడంగ్‌పేట వైపు వానాకాలంలో తిరిగినవాళ్ళకు ఇదేం కొత్త కాదు. విజయవాడ, గుంటూరు, విశాఖ, వరంగల్ అంచుల్లోనూ ఇదే తంతు. ఇంటి మీద జీవితకాలపు సంపాదన పెట్టినవాళ్ళు ఆ ఇంటి ముందున్న వంద మీటర్ల దారి కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతుంటారు. సీసీ రోడ్డు ఎప్పుడేస్తారని వాళ్ళడుగుతారు. బడ్జెట్ రాగానే అని ఆఫీసులో చెబుతారు.

అసలు చిక్కు ఈ రెండు మాటల్లోనూ లేదు. సిమెంటు పోయడం నాలుగైదు రోజుల పని. దానికి ముందు తేలాల్సినవి మూడున్నాయి. ఆ దారి స్థలం ఎవరిది? అక్కడి నీళ్ళు ఎటు పోవాలి? రోడ్డు కింద నుంచి ఏమేం వెళ్ళాలి? ఇవేవీ తేల్చకుండా సిమెంటు పోసేసిన గల్లీలు మన ఊళ్ళలో కోకొల్లలు. మట్టి గల్లీని బాగుచేయడం కన్నా వాటిని బాగుచేయడమే కష్టం, పోసినదాన్ని పగలగొట్టడానికి మనసూ రాదు, నిధులూ రావు కాబట్టి.

గల్లీ ఎవరి పేరున ఉంది?

అనుమతి ఉన్న లేఅవుట్‌లో కథ సులువు. హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ) గానీ డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖ) గానీ లేఅవుట్ మంజూరు చేసేటప్పుడు రోడ్లు, డ్రైనేజీ, నీళ్ళ లైను, కరెంటు స్తంభాలు వేసే బాధ్యత డెవలపర్ మీద పెడుతుంది. అవి పూర్తిచేస్తాడన్న హామీకి తెలంగాణలో ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం తనఖా పెట్టుకుంటుంది. పనులయ్యాక రోడ్లనూ పార్కు స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ చేసి స్థానిక సంస్థకు రాసివ్వాలి. అంటే మీరు ఇల్లు కట్టే నాటికి మీ ముందున్న రోడ్డు మున్సిపాలిటీ ఆస్తి. రేపు గుంట పడితే పూడ్చాల్సింది వాళ్ళే.

అనుమతి లేనిచోట జరిగేది వేరు. రైతు దగ్గర రెండు మూడెకరాలు కొన్న మధ్యవర్తి సున్నంతో గీతలు గీస్తాడు, హద్దురాళ్ళు పాతుతాడు, ఒక మ్యాపు గీయించి పంచాయతీ ముద్ర కొట్టించుకుంటాడు. ‘గ్రామ పంచాయతీ లేఅవుట్’ అన్న పేరుతో ప్లాట్లు అమ్ముడుపోతాయి. మ్యాపులో 30 అడుగుల రోడ్డు ఉంటుంది, నేల మీద టేపు పెట్టి కొలిస్తే 24 వస్తుంది. ప్లాట్లకు ఒక్కొక్కదానికి రిజిస్ట్రేషన్ అవుతుంది గానీ ప్లాట్ల మధ్య దారి ఎవరికీ రిజిస్టర్ కాదు. రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు కింద పాత పట్టాదారు పేరే నడుస్తూ ఉండొచ్చు. ఇళ్ళు కట్టేసిన భూములకు కూడా రైతుబంధు పడిందన్న వార్తల వెనక ఉన్న మతలబు ఇదే.

ఈ దారికి రోడ్డు ఎస్టిమేట్ వేయమంటే ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, ఎందుకు నసుగుతాడో ఇప్పుడు అర్థమవుతుంది. ప్రజల సొమ్ము ప్రైవేటు భూమి మీద ఖర్చు పెట్టారని ఆడిట్‌లో అభ్యంతరం రావచ్చు. మన చట్టంలోనే ఈ తేడా ఉంది. ఇప్పుడు జీహెచ్‌ఎంసీ చట్టంగా పిలిచే 1955 నాటి చట్టంలో పబ్లిక్ వీధి వేరు, ప్రైవేటు వీధి వేరు. ప్రైవేటు వీధిని చదును చేసి, కంకర వేసి, కాలువ తీయమని దానికి ఆనుకుని ఉన్న స్థలాల యజమానులను కమిషనర్ ఆదేశించవచ్చు. ఆ పనులు అయ్యాక దాన్ని పబ్లిక్ వీధిగా ప్రకటించవచ్చు. కాగితం మీద చాలా తెలివైన ఏర్పాటు ఇది. ఇలా నోటీసు ఇచ్చి, పని చేయించి, ప్రకటించడం మాత్రం శివారు కాలనీల్లో జరిగినట్టు వినేది తక్కువ. మామూలుగా జరిగేదేమిటంటే, ఇళ్ళు నిండుతాయి, ఇంటి పన్ను వసూలవుతుంది, ఓటర్ల జాబితాలో పేర్లు చేరతాయి. ఇంతకాలం జనం నడిచారు కాబట్టి అది దారే అని ఏదో ఒక ఎన్నికల ముందు శిలాఫలకం లేస్తుంది. అందులో తప్పు లేదు. కాకపోతే ఈ ఒప్పుకోలు పలుకుబడి ఉన్న గల్లీకి ముందు, లేని గల్లీకి వెనక దక్కుతుంది.

మరి ఎల్‌ఆర్‌ఎస్ కట్టాం కదా అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో ఒకసారి, తెలంగాణలో 2015లో, మళ్ళీ 2020 ఆగస్టు 31న జీవో 131తో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020 జనవరిలో ఇలాంటి జీవో వచ్చింది. తెలంగాణలో 2020 పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఎంతమంది ఇలాంటి గల్లీల్లో ప్లాట్లు కొన్నారో ఆ అంకే చెబుతోంది.

అయితే ఎల్‌ఆర్‌ఎస్ క్రమబద్ధీకరించేది ప్లాటును. గల్లీని కాదు. జీవో 131 ప్రకారం ప్లాటుకు దారి కనీసం 9 మీటర్లు ఉండాలి, బలహీన వర్గాల లేఅవుట్లలోనూ వంద చదరపు మీటర్ల లోపు ప్లాట్లకూ 6 మీటర్లు చాలు. ఉన్న దారి అంతకన్నా ఇరుకైతే, కావలసిన మేర ప్లాటు ముందు భాగం వదిలిపెట్టాలి. ఒక గల్లీలో ఇరవై ప్లాట్లున్నాయనుకోండి. ఎనిమిది మంది దరఖాస్తు పెట్టారు, అయిదుగురికి మంజూరైంది, వాళ్ళలో ఇద్దరు ఇల్లు కట్టేటప్పుడు మూడడుగులు వెనక్కి జరిగారు. మిగతా ప్రహరీలు ఉన్నచోటే ఉన్నాయి. ఇప్పుడు ఆ గల్లీ వెడల్పు ఒక్కో గేటు దగ్గర ఒక్కోలా ఉంటుంది. ఇంజనీరు రోడ్డు వేయాలంటే అన్నిటికన్నా ఇరుకైన చోటును బట్టి వేస్తాడు. వెనక్కి జరిగినవాడు వదిలిన స్థలంలో పక్కింటివాడు కారు పెట్టుకుంటాడు.

ఇంకో సంగతి. పది శాతం ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద కట్టించుకున్నారు. ఎల్‌ఆర్‌ఎస్ కింద వసూలైన డబ్బును విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతపు వసతులకే వాడాలన్నది కూడా నిబంధనల్లో ఉంది. కాలనీ సంఘాలు ప్రజావాణికి వెళ్ళి అడగాల్సిన మొదటి లెక్క ఇదని నేనంటాను. మా కాలనీ నుంచి ఎంత వచ్చింది, మా కాలనీలో ఎంత ఖర్చయింది? సమాచార హక్కు కింద కాగితం పెడితే సరి.

నీళ్ళు ఎటు?

గల్లీకి నిజమైన డిజైన్ వాలు. మిగతాదంతా దాని తర్వాతే.

ఒక చిన్న లెక్క చూద్దాం. గల్లీ పొడవు వంద మీటర్లు, రోడ్డు వెడల్పు నాలుగు మీటర్లు. అంటే 400 చదరపు మీటర్లు. ఓ సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకుంటే ఆ రోడ్డు మీద పడేది 20 వేల లీటర్లు. ఇప్పుడు రెండు వైపులా పదేసి ఇళ్ళు, ఒక్కో డాబా వంద చదరపు మీటర్లు వేసుకోండి. డాబాల మీద పడేది లక్ష లీటర్లు. ఆ డాబా పైపులన్నీ ఎక్కడికి దిగుతాయి? గేటు పక్కనుంచి గల్లీలోకే. రోడ్డు మునగడానికి కారణమైన నీళ్ళలో ఆరింట ఐదొంతులు మన ఇళ్ళవే. మట్టి ఉన్నంతకాలం ఇందులో కొంత ఇంకేది. సిమెంటు పడ్డాక దాదాపు అంతా ఉరుకుతుంది. అందుకే సీసీ రోడ్డు వేసిన మొదటి వానాకాలంలో కింది గల్లీవాళ్ళు పైగల్లీవాళ్ళతో గొడవకు దిగుతారు.

ఈ లక్షా ఇరవై వేల లీటర్లు ఎటు పోవాలో తేల్చడానికి లెవెల్ సర్వే కావాలి. ఆటో లెవెల్ పెట్టి, గల్లీ మొదట, చివర, మధ్యలో పది మీటర్లకోసారి ఎత్తులు తీసుకోవాలి. ప్రతి ఇంటి గడప ఎత్తు కూడా రాసుకోవాలి. రెండు వందల మీటర్లకు ఒక మీటరు పడే వాలు పెట్టినా, మన గల్లీలో ఆ చివర ఈ చివర కన్నా అర మీటరు కింద ఉండాలి. కంటికి చదునుగా కనిపించే గల్లీలో ఈ అర మీటరు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక చివర తవ్వాలి, లేదా ఇంకో చివర పోయాలి. పోయడం సులువు, మొరం లారీ చాలు. తవ్వడానికి జేసీబీ కావాలి, తీసిన మట్టిని ఎక్కడో పారబోయాలి, కింద నీళ్ళ పైపు తగిలితే దాన్ని దించాలి. కాంట్రాక్టరు దేనికి మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు. మనవాళ్ళూ పోయడానికే ఓటేస్తారు. రోడ్డు ఎత్తుగా ఉంటే గౌరవం అనుకుంటారు గానీ, ఎత్తయిన రోడ్డు మీది నీళ్ళు పక్కనున్న పాత ఇళ్ళలోకే దిగుతాయి.

ఈ ఆలోచనను తలకిందులు చేసిన ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. 1980ల చివర ఇండోర్‌లో, బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో, హిమాంశు పారిఖ్ అనే ఇంజనీరు బస్తీలను విడివిడిగా చూడకుండా ఊరంతటి నీటి దారుల్లో భాగంగా చూశారు. వాగులూ వంకలూ సహజంగా పారే దారి వెంటే మురుగు లైన్లు, రోడ్లు పెట్టారు. గల్లీ రోడ్లను ఇళ్ళ కన్నా కిందికి దించి, వాన పడ్డప్పుడు రోడ్డే కాలువలా పనిచేసేలా వాలు ఇచ్చారు. వాననీళ్ళకు వేరే పైపు ఖర్చు తప్పింది. ఆ పని నగరంలోని 183 బస్తీల దాకా విస్తరించింది, 1998లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డూ వచ్చింది. తర్వాత విమర్శలూ వచ్చాయి. నిర్వహణ లేక చాలాచోట్ల మురుగు లైన్లు పూడుకుపోయాయి. అయితే అక్కడ ఓడిపోయింది నిర్వహణ. రోడ్డును ఇంటికన్నా కింద ఉంచాలన్న లెక్క ఇప్పటికీ సరైనదే.

మన దగ్గర ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. హైదరాబాదు భూమి గొలుసుకట్టు చెరువుల భూమి. గల్లీ నీళ్ళు నాలాలోకి, నాలా చెరువులోకి, ఆ చెరువు అలుగు కింది చెరువులోకి పోవాలి. నాలా మీద ఇళ్ళు లేచాక, లేదా కాలనీయే చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు లోపల) ఉన్నప్పుడు గల్లీలో ఎంత మంచి వాలు పెట్టినా నీళ్ళకు చోటు లేదు. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి సీసీ రోడ్లు ఉన్నాయి. అలాంటి చోట వార్డు నిధులతో గల్లీ రోడ్డు మళ్ళీ వేయడం డబ్బులు నీళ్ళలో పోయడమే. అక్కడ పని నాలా నుంచి మొదలవ్వాలి, అది వార్డు స్థాయిలో తేలే పని కాదు.

ఇంతకీ ప్రతి గల్లీకీ గోడ నుంచి గోడ దాకా సిమెంటు అవసరమా? షికాగోలో ఇళ్ళ వెనక సందులు దాదాపు 1,900 మైళ్ళు ఉన్నాయి. వాటిలో చాలావాటి కింద మురుగు పైపులు లేవు, వాన పడితే నీళ్ళు నిలిచేవి. పైపులు వేయడానికి కోట్లు పోయకుండా, 2006 నుంచి ఆ నగరం కొన్ని సందుల్లో నీళ్ళు ఇంకే కాంక్రీటూ పేవర్లూ పరిచింది. వినడానికి బాగుంటుంది. మన గల్లీల్లో అదే పని యథాతథంగా చేయాలంటే నాకు నమ్మకం లేదు. ఆ రంధ్రాలు పూడుకోకుండా యంత్రంతో పీల్చి శుభ్రం చేస్తుండాలి. పక్కింటి నిర్మాణానికి తెచ్చిన రోబో శాండ్ నెలల తరబడి రోడ్డు మీదే పోసి ఉండే మన దగ్గర ఒక్క ఏడాదిలో అవన్నీ మూసుకుపోతాయి. దానికన్నా ప్రహరీ వెంట అడుగున్నర మట్టి పట్టీ వదిలి చెట్లకు ఇవ్వడం, డాబా పైపును ఇంకుడు గుంతలోకి తిప్పడం మేలు. పైన చెప్పిన లక్ష లీటర్లలో సగం ఇంటి ఆవరణలోనే ఆగితే గల్లీ డ్రెయిన్ సైజు కూడా తగ్గుతుంది, బోరుకూ మంచిది.

కింద ఏం వెళ్ళాలి?

కొత్తగా వేసిన సీసీ రోడ్డును మూణ్ణెల్లకే అడ్డంగా కోసి పైపు వేసి, మట్టి కప్పి వెళ్ళిపోవడం చూడని తెలుగువాడు ఉండడు. దీన్ని శాఖల మధ్య సమన్వయ లోపం అని పేపర్లు రాస్తాయి. నిజమే గానీ, అంతకన్నా మొండి కారణం ఒకటుంది. రోడ్డుకు నిధులు వార్డు స్థాయిలో దొరుకుతాయి. కార్పొరేటర్ కోటా, ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి, ఏడాదికి 5 కోట్ల ఎంపీ లాడ్స్, జనరల్ ఫండ్, ఇలా ఏదో ఒక రూపంలో వస్తాయి. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి వచ్చేవి పెద్ద ప్రాజెక్టు నిధులు. గల్లీ లైన్లన్నీ కలిసే పెద్ద ట్రంక్ లైను, శుద్ధి కేంద్రం ఉంటే తప్ప గల్లీ లైనుకు అర్థం లేదు. మొదటి డబ్బు ఈ ఏడాది వస్తుంది, రెండోది ఎప్పుడొస్తుందో తెలీదు. చేతిలో ఉన్న డబ్బుతో రోడ్డు పడిపోతుంది.

ట్రంక్ లైను ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు గల్లీ వాళ్ళు ఏం చేయాలి? దీనికి అందరికన్నా స్పష్టంగా జవాబు చెప్పింది పాకిస్తాన్‌లో, కరాచీలోని ఒరంగి అనే పెద్ద బస్తీ. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ మొదలుపెట్టిన ప్రాజెక్టులో లెక్క అంతా గల్లీ చుట్టూ తిరుగుతుంది. ఇరవై ముప్ఫై ఇళ్ళ గల్లీ ఒక యూనిట్. దానికి జనం ఎన్నుకున్న ఒక గల్లీ పెద్ద. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ కింది మురుగు లైను, కొన్ని గల్లీలను కలిపే లైను జనం సొంత డబ్బుతో వేసుకుంటారు. పెద్ద కాలువ, ట్రంక్ లైను, శుద్ధి ప్రభుత్వం పని. ప్రాజెక్టువాళ్ళు సర్వే, మ్యాపు, ఎస్టిమేట్, అచ్చులు, సలహా మాత్రం ఇచ్చారు, డబ్బు ఇవ్వలేదు. కాంట్రాక్టరు లాభం, కమీషన్లు లేకపోవడంతో ఖర్చు సర్కారు రేట్లలో కొద్దిపాటికి దిగింది. ప్రభుత్వం చేయాల్సిన పనిని జనం నెత్తిన వేయడం ఏమిటన్న విమర్శ ఉంది, అందులో న్యాయమూ ఉంది. మనం నేర్చుకోవాల్సింది ఆ పని విభజన. గల్లీ లోపలి లైను ఏ ఎత్తులో వస్తే రేపు ట్రంక్ లైనుకు కలుస్తుందో ఇవాళే చెప్పగల మ్యాపు ఉండాలి. ఆ మ్యాపు ఉంటే సగం పని ముందే చేసుకోవచ్చు, తవ్వినదాన్నే మళ్ళీ తవ్వక్కర్లేదు.

మురుగు పైపులో నీళ్ళు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారాలని కేంద్ర ప్రభుత్వ మురుగునీటి మాన్యువల్ చెబుతుంది. అంతకన్నా నెమ్మదిస్తే మట్టి, మలినాలు అడుగున పేరుకుంటాయి. ఆ వేగం కోసం చిన్న గల్లీ పైపుకు 150 మీటర్లకు ఒక మీటరు వాలు ఇచ్చామనుకుంటే, మన వంద మీటర్ల గల్లీలో పైపు చివరికి వచ్చేసరికి 67 సెంటీమీటర్లు కిందికి దిగాలి. రోడ్డు వాలు కూడా అటే ఉంటే తవ్వకం తక్కువ. రోడ్డు వాలు ఎదురుగా పెట్టి ఉంటే చివరి మ్యాన్‌హోల్ మనిషి లోతు దాటుతుంది. ముందు పైపు సంగతి ఆలోచించి తర్వాత రోడ్డు వాలు పెట్టమనేది అందుకే.

ఖాళీ ప్లాట్ల గురించి ఎవరూ మాట్లాడరు. గల్లీలో ఇరవై ప్లాట్లుంటే ఏడెనిమిదింటి యజమానులు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. డ్రైనేజీ వేసేటప్పుడు ఇళ్ళున్న ప్లాట్లకే కనెక్షన్ ఇచ్చి వదిలేస్తారు. రెండేళ్ళకు ఒకాయన ఇల్లు కడతాడు, కనెక్షన్ కోసం రోడ్డు కోస్తాడు. మరుసటేడు ఇంకొకాయన. ప్రతి ఖాళీ ప్లాటుకూ ముందే ఒక పైపు ముక్క లాగి, మూత బిగించి, ప్రహరీ దగ్గర గుర్తు పెట్టి ఉంచితే ఈ కోతలు ఉండవు. అలాగే నీళ్ళ కనెక్షన్లకూ కేబుళ్ళకూ రోడ్డు అడ్డంగా పది మీటర్లకోసారి ఒక ఖాళీ పీవీసీ పైపు పడేసి ఉంచడం. సిమెంటు ఖర్చు ముందు ఇదో లెక్కలోనిదే కాదు. ఎస్టిమేట్‌లో ఈ ఐటమ్ లేకపోతే అడిగి పెట్టించుకోవాలి.

ఇక సిమెంటు

ఇక్కడ పెద్ద రహస్యాలు లేవు. గల్లీ రోడ్డుకు అడుగున కంకర మొరం గట్టిగా రోలింగ్ చేసి, దాని మీద 15 సెంటీమీటర్ల కాంక్రీటు అన్నది మామూలు ఎస్టిమేట్. మన 400 చదరపు మీటర్లకు 60 ఘనపు మీటర్లు పడుతుంది. మందం 12 సెంటీమీటర్లకు దిగితే 48 చాలు. మిగిలిన 12 ఘనపు మీటర్లు రెండు ట్రాన్సిట్ మిక్సర్ల కాంక్రీటు. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. పోసేరోజు ఉదయమే, అంచు ఛానెళ్ళ మధ్య తాడు లాగి, గల్లీ నడిమధ్యలో తాడు నుంచి నేలకు టేపుతో కొలిస్తే తెలుస్తుంది. అంచుల్లో 15 ఉండి నడుమ 10 ఉండటం తరచూ చూసే విద్య.

నడుమ కొంచెం ఎత్తు, పక్కలకు వాలు ఉండాలి, కాంక్రీటుకు రెండు శాతం. అంటే నాలుగు మీటర్ల రోడ్డులో నడుమ కన్నా అంచు నాలుగు సెంటీమీటర్లు కింద. పక్కన డ్రెయిన్ లేని ఇరుకు సందులో దీన్నే తిరగేసి, నడుమ పల్లంగా పెట్టడం మేలు, నీళ్ళు గోడల పునాదుల్లోకి పోవు. పోసిన రోజుకల్లా మూడు నాలుగు మీటర్లకోసారి అడ్డంగా జాయింటు కోయాలి. మనం కోయకపోతే కాంక్రీటు తనకు నచ్చినచోట పగులుతుంది. తర్వాత రెండు వారాలు మట్టితో గడ్లు కట్టి నీళ్ళు నిలపాలి. ఎండాకాలంలో రెండు రోజులు తడిపి వదిలేసిన రోడ్డు ఏడాదికే పైపొర ఊడి దుమ్ము లేస్తుంది. కాలనీవాళ్ళు స్వయంగా చేయగల పని ఈ ఒక్కటే, బైకులు అడ్డం పెట్టి మరీ చేయించాలి.

ఇంకా పైపుల పని మిగిలి ఉందని తెలిస్తే సీసీకి బదులు పేవర్ బ్లాకులు వేయించుకోవడం తెలివైన పని. లేపి, పైపు వేసి, మళ్ళీ అవే పేర్చవచ్చు. అంచు రాయి గట్టిగా లేకపోతే మాత్రం ఏడాదిలో బ్లాకులు పక్కలకు జరుగుతాయి.

పాత రోడ్డు మీదే కొత్త పొర వేసే అలవాటు మరో జాడ్యం. మూడుసార్లు వేస్తే 45 సెంటీమీటర్లు. నలభై ఏళ్ళ కిందటి ఇళ్ళు రోడ్డుకు మెట్టు కింద ఉండటానికి కారణం ఇదే. పాత పొరను గీకి తీసేశాకే కొత్తది వేయాలని 2021లో తమిళనాడు ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. డాంబరు రోడ్డయితే గీకే యంత్రం ఉంది. సీసీ అయితే పగలగొట్టి తీయాలి. ఎస్టిమేట్‌లో ‘పాత సీసీ తొలగింపు’ అన్న వరుస ఉందో లేదో చూసుకోవాలి.

ముందు ఎవరి గల్లీ?

అన్ని గల్లీలకూ ఒకేసారి డబ్బులుండవు. మరి వరుస ఎలా? దీనికి మన దగ్గరే ఒక మంచి పద్ధతి ఉండేదని చాలామందికి గుర్తులేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ సాయంతో 1999 నుంచి పట్టణ పేదల సేవల పథకం నడిచింది, పొట్టిగా ఏపీయూఎస్‌పీ అనేవారు. దాని కింద మున్సిపాలిటీలు తమ బస్తీలను తొమ్మిది గళ్ళ పట్టికలో పేర్చాలి. ఒకవైపు పేదరికం ఎంత, రెండోవైపు వసతుల కొరత ఎంత. రెండూ ఎక్కువగా ఉన్న గడిలోని బస్తీకి మొదటి పని. ఎవరు సిఫారసు చేశారన్న గడి అందులో లేదు. పట్టిక బహిరంగంగా ఉంటే, రెండూ ఎక్కువగా ఉన్న బస్తీని దాటి తక్కువగా ఉన్న గడిలో రోడ్డు పడితే జనం నిలదీయవచ్చు. పథకం ముగిశాక ఆ పట్టికలూ పోయాయి. ఇప్పుడు వార్డు ఆఫీసుకు వెళ్ళి మా గల్లీ ఎన్నో నంబరు అని అడిగితే చెప్పే కాగితం ఉండదు.

శివారు కాలనీలకు ఇంకో దెబ్బ ఉంది. ఆ ప్రాంతం పంచాయతీగా ఉన్నప్పుడు ఉపాధి హామీ పథకంలో మెటీరియల్ వాటా కింద సీసీ రోడ్లు పడేవి, పల్లెల్లో మీరు చూసే సిమెంటు వీధుల్లో బోలెడు అలా వచ్చినవే. మున్సిపాలిటీలో కలిసిన మరునాటి నుంచి ఆ దారి మూసుకుపోతుంది, అది గ్రామీణ పథకం కాబట్టి. పన్ను పెరుగుతుంది, పాత నిధి పోతుంది, కొత్త నిధికి వరుసలో చివర నిలబడాలి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి, చుట్టుపక్కల మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలపాలని 2025 నవంబరులో తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఆ కాలనీల్లో వినిపించిన టెన్షన్‌లోనూ ఈ పన్ను, ఈ వరుస భయం ఉంది.

జనం వాటా మాటేమిటి? అహ్మదాబాదులో 1995లో మొదలైన పరివర్తన్ పథకంలో బస్తీలో ఒక్కో ఇల్లు 2 వేల రూపాయలు కట్టింది, పేదలకు సేవా బ్యాంకు అనే మహిళల సహకార బ్యాంకు అప్పిచ్చింది. బదులుగా నగరపాలక సంస్థ రోడ్డు, నీళ్ళు, డ్రైనేజీ ఇంటింటికీ ఇవ్వడమే గాక, పదేళ్ళ దాకా ఖాళీ చేయించబోమని రాసిచ్చింది. డబ్బు అడిగినందుకు ప్రతిగా ఒక హక్కు ఇచ్చారు. మన శివారు కాలనీలో వాటా అడిగితే ప్రతిగా ఇవ్వదగిన హక్కు కూడా ఉంది. గల్లీని పబ్లిక్ వీధిగా ప్రకటిస్తూ ఒక గెజిట్ కాగితం. ఖాళీ ప్లాట్లవాళ్ళ నుంచి వాటా రాబట్టడమే అసలు తలనొప్పి, సంఘం ఫోన్ చేస్తే ఎత్తరు. ఖాళీ స్థలం పన్ను వసూలు చేసే అధికారం మున్సిపాలిటీకి ఉంది కాబట్టి ఆ బకాయిలతో పాటే దీన్ని రాబట్టడం ఆఫీసుకే సాధ్యం.

అర్జీ రాసేటప్పుడు సీసీ రోడ్డు మంజూరు చేయగలరు అని ఒక్క వాక్యం రాసి, అందరి సంతకాలు పెట్టించి ఇస్తుంటారు. దాని బదులు నాలుగు అడగండి. లేఅవుట్ మ్యాపులో మా గల్లీ వెడల్పెంత, అది గిఫ్ట్ డీడ్ అయిందా? లెవెల్ సర్వే చేశారా, చేస్తే రోడ్డు పైఎత్తు మా గడపల కన్నా ఎంత కింద? డ్రైనేజీ లైను ఏ మ్యాన్‌హోల్‌లో కలుస్తుంది? వాననీళ్ళు ఏ నాలాలో పడతాయి? ఏఈ దగ్గర ఎస్టిమేట్ కాపీలో పొడవు, వెడల్పు, మందం, రేటు అన్నీ ఉంటాయి. నాలా పేరు రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే అది రాయించాకే సంతకాల సంగతి.